ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షకు పోయే ముందు: బండి అలవాటు వేరు, రూలు వేరు

ఊళ్లో నాలుగేండ్ల నుంచి బండి నడుపుతున్న పిలగాడు కూడా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) పరీక్షలో కంప్యూటర్ ముందు తడబడతాడు. రోజూ రోడ్డు మీద చూసేదాన్ని బట్టి జవాబు నొక్కుతాడు కాబట్టి. పరీక్ష అడిగేది రూలును. నల్లగొండ క్లాక్ టవర్ చౌరస్తాలో జనం ఎట్లా తిరుగుతున్నారో దానికి పట్టదు.

సిలబస్ పెద్దదేం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 11వది చదివితే నాలుగే విషయాలు కనిపిస్తాయి: ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రోడ్డు నియమాలు ఒకటి, యాక్సిడెంట్ అయితే డ్రైవర్ ఏం చేయాలన్నది రెండోది, కాపలా లేని రైల్వే గేటు దాటే పద్ధతి మూడోది, బండి మీద ఉండాల్సిన కాగితాలు నాలుగోది. పాస్ కావాలంటే 60 శాతం రావాలి. 20 ప్రశ్నలు వస్తే 12 కొట్టాలి. మొదటి విషయం ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం పని అయినట్టే.

స్లాట్ బుక్ చేసేటప్పుడే రెండు తప్పులు జరుగుతుంటాయి. ఒకటి, బండి రకం. గేరు లేనిది అని పెడితే రేపు స్ప్లెండర్ నడపడానికి ఆ లైసెన్స్ చెల్లదు. గేరు ఉన్న మోటార్ సైకిల్ అని పెడితే స్కూటీకి కూడా పనికొస్తుంది. 16 ఏండ్లకే లైసెన్స్ ఇస్తారని చాలామంది అంటుంటారు కానీ, అది 50 సీసీ దాటని, గేరు లేని బండికే. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే పెట్రోల్ స్కూటీలు చాలావరకు 110 సీసీ, ఆపైనే. వాటికి 18 నిండాల్సిందే. రెండో తప్పు, పరీక్ష భాష. మీసేవలో ఎవరో బుక్ చేసి ఇంగ్లిష్ పెట్టేస్తారు, మనం చూసుకోం. రసీదు చేతికి రాగానే భాష, తేదీ, బండి రకం మూడూ చూడండి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగా ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి. 40 దాటినవాళ్లకు డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ (మెడికల్ సర్టిఫికెట్) కావాలి.

తెలుగు పెట్టుకున్నా ఒక చిక్కుంది. ప్రశ్నల్లోని తెలుగు మనం మాట్లాడేది కాదు. చౌరస్తాను ‘కూడలి’ అంటుంది. ఓవర్‌టేక్‌ను ‘అధిగమించుట’ అంటుంది. నడిచిపోయేవాళ్లు ‘పాదచారులు’. ప్రశ్న అర్థం కాక తప్పు నొక్కేవాళ్లు ఉన్నారు, జవాబు తెలియక కాదు. కేంద్ర రవాణా శాఖ వాళ్ల పరివాహన్ సారథి పోర్టల్‌లో మాక్ టెస్ట్ ఉంది. రెండు మూడు సార్లు రాస్తే ఈ భాష అలవాటవుతుంది.

ఇక గుర్తులు. బొమ్మ కంటే ముందు ఆకారం చూడాలి. ఎర్ర అంచున్న గుండ్రం అంటే వద్దని చెప్పడం, నీలం గుండ్రం అంటే తప్పక చేయమనడం. ఎర్ర అంచు త్రికోణం ముందున్న ప్రమాదాన్ని చెప్తుంది. నీలం చతురస్రం, దీర్ఘ చతురస్రం సమాచారం కోసం: ఆస్పత్రి, పెట్రోల్ బంకు, హోటల్ లాంటివి. ఈ లెక్కకు అందనివి రెండున్నాయి. ఎనిమిది మూలల ఎర్ర బోర్డు ఆగమని, తలకిందుల త్రికోణం దారి ఇమ్మని.

మార్కులు పోయేది జంట గుర్తుల దగ్గరే. నో పార్కింగ్‌నే తీసుకోండి. నీలం గుండ్రం, ఎర్ర అంచు, మీద ఒక్కటే ఏటవాలు గీత. అక్కడ మనిషిని దింపి వెళ్లొచ్చు, బండి పెట్టి పోవద్దు. అదే నీలం మీద రెండు ఎర్ర గీతలు ఇంటూ ఆకారంలో ఉంటే అసలు ఆగనే వద్దు. త్రికోణంలో గేటు బొమ్మ ఉంటే కాపలా ఉన్న రైల్వే క్రాసింగ్, రైలింజన్ బొమ్మ ఉంటే కాపలా లేనిది. చాలామంది తిరగేసి చెప్తారు. రెండు గీతలు పైకి పోతూ దగ్గరై అట్లనే ఉండిపోతే ఇరుకు రోడ్డు, నడుమ దగ్గరై మళ్లీ విడిపోతే ఇరుకు వంతెన. కప్పు సాసరు ఉంటే టీ, టిఫిన్ దొరికే చోటు, చెంచా ఫోర్కు ఉంటే భోజనం. నవ్వొస్తుంది గానీ అడుగుతారు.

ముందు ఎవరు పోవాలన్న ప్రశ్నలు కూడా తేలిక కాదు. సిగ్నల్, పోలీసు ఎవరూ లేని కూడలిలో మెయిన్ రోడ్డు మీది బండికి దారి ఇవ్వాలి. రెండూ ఒకే రకం రోడ్లయితే కుడి వైపు నుంచి వచ్చేదానికి. పెద్ద బండికి అని ఎక్కడా లేదు. మన దగ్గర లారీ వస్తే పక్కకు జరుగుతాం, అది ప్రాణభయం, రూలు కాదు. ఘాట్‌లో, అంటే మన్ననూరు దాటి శ్రీశైలం పోయే రోడ్డు లాంటి చోట, ఎక్కుతున్న బండికి దిగుతున్నది దారి ఇవ్వాలి. ఎత్తులో ఒకసారి ఆగితే మళ్లీ కదలడం కష్టం, అందుకే ఆ రూలు.

ఓవర్‌టేక్ ఎప్పుడూ కుడి నుంచే. ముందు బండి కుడికి తిరుగుతానని ఇండికేటర్ వేసి రోడ్డు నడుమకు వచ్చినప్పుడు మాత్రమే ఎడమ నుంచి పోవచ్చు. మనల్ని వేరే బండి దాటుతుంటే స్పీడ్ పెంచొద్దు. మూలమలుపుల మీద, ఇరుకు వంతెన మీద ఓవర్‌టేక్ లేదు. హైవే మీద ఊరు తగిలేచోట మిణుకుమనే పసుపు లైటుకు నెమ్మదించి చూసుకొని పోవాలి. మిణుకుమనే ఎరుపైతే పూర్తిగా ఆగి, చూసి, పోవాలి. ‘ఫ్రీ లెఫ్ట్’ అనేది బోర్డో బాణం గుర్తో ఉంటేనే. లేకుంటే రెడ్ పడ్డప్పుడు ఎడమకు కూడా ఆగాల్సిందే.

చేతి సైగలు చదివితే గుర్తుండవు, చేసి చూడండి. అన్నీ కుడి చేత్తోనే, కారు కిటికీ లోంచి చూపినట్టు. అరచెయ్యి ముందుకు పెట్టి చెయ్యి అడ్డంగా చాపితే కుడికి తిరుగుతున్నట్టు. చాపిన చేతిని గడియారం ముల్లుకు ఎదురు దిక్కులో తిప్పితే ఎడమకు. అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ ఆడిస్తే నెమ్మదిస్తున్నట్టు. మోచెయ్యి మడిచి నిలువుగా ఎత్తితే ఆగుతున్నట్టు.

మిగతావి త్వరగా అయిపోతాయి. యాక్సిడెంట్ అయితే ముందు దెబ్బ తగిలినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి. అక్కడ పోలీసు లేకుంటే 24 గంటల్లోపు దగ్గరి స్టేషన్‌లో చెప్పాలి. కాపలా లేని గేటు దగ్గర బండి ఆపి, దిగి, రెండు వైపులా చూసుకొని దాటాలి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద అలాంటి గేట్లను 2019 జనవరి నాటికే ఎత్తేశారు, ప్రశ్న మాత్రం ఇంకా ఉంది. కాగితాలంటే లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్. డిజిలాకర్‌లో చూపినా చెల్లుతాయి. తాగిన డ్రైవర్ రక్తం 100 మిల్లీలీటర్లలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. వెనకాల ఒక్కరే కూర్చోవాలి, ట్రిపుల్స్ లేదు. నాలుగేండ్లలోపు పిల్లవాణ్ణి ఎక్కించుకుంటే వాడికి హెల్మెట్, బెల్టు ఉండాలి, స్పీడ్ 40 దాటొద్దు.

కంప్యూటర్ ముందు కూర్చున్నాక నాలుగు జవాబులూ చదివాకే నొక్కండి. మొదటిది సరిగ్గా కనిపించగానే నొక్కేస్తే, చివర ‘పైవన్నీ’ ఉన్నప్పుడు మార్కు పోతుంది.

పాసైతే వచ్చే లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. డ్రైవింగ్ టెస్టుకు 30 రోజులు నిండాక పోవచ్చు. అందాకా బండికి ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి: 18 సెంటీమీటర్ల తెల్ల చతురస్రం, దాని మీద కనీసం 10 సెంటీమీటర్ల ఎత్తు ఎర్ర అక్షరం. స్టిక్కర్ షాపులో దొరికే చిన్న ‘ఎల్’ దానికి సరిపోదు. వెనక సీటు మీద కూడా నేర్పించే లైసెన్స్‌దారు తప్ప దోస్తు కూర్చోకూడదు.