పొరలతో చిత్రలేఖనం, 5వ పాఠం: మంచు వెనుక కొబ్బరితోట

నరసాపురం రేవులో నిలబడితే వశిష్ఠ అనే గోదావరి పాయకు ఆవలి గట్టున సఖినేటిపల్లి వైపు కనిపించే కొబ్బరితోటను, మనుషులతో, బళ్లతో నది దాటుతున్న పంటు పడవను కంప్యూటర్‌లో గీయమని గత పాఠంలో అడిగాను. నాకు అందిన బొమ్మల్లో చాలావాటిలో ఒకే పొరపాటు ఉంది. తోట పొగమంచులో ఉన్నట్టు కనిపించాలని ఆ పొర (లేయర్) ఒపాసిటీని, అంటే అడుగున ఉన్నదాన్ని కప్పే శక్తిని, 40 శాతానికి దించారు. తోట లేతబడింది గాని, వెనుక పొరలోని గట్టు గీత చెట్ల మొదళ్లను అడ్డంగా కోస్తూ బయటపడింది. బ్రష్షుల గురించి చెప్పాలనుకున్న ఈ విడత ఇక దీనికే సరిపోతుంది.

జాబితాలో పైనున్న పొర బొమ్మలో ముందుంటుందన్నది మీకు తెలిసిందే కనుక వివరించను.

ఒపాసిటీ తగ్గిస్తే పొర రంగు దానంతట అదే లేతబడదు, అడుగున ఉన్నది పైకి తేలుతుంది. నలుపు 0, తెలుపు 255 అనుకుందాం. తెల్లని ఆకాశం మీద నల్లని చెట్టును 40 శాతంలో ఉంచితే ఆకాశంలో 60 శాతం మిగిలి, చెట్టు విలువ 153 అవుతుంది. అదే చెట్టు 60 విలువ గల గట్టు గీతను దాటేచోట 36కు పడిపోతుంది. ఒకే మొదలులో రెండు రంగులు కనిపించడానికి కారణం ఇదే.

ఇప్పుడు చెట్టును 100 శాతంలోనే ఉంచి, దానిపైన తెలుపుతో నింపిన మంచు పొరను 60 శాతంలో పెట్టండి. చెట్టు మళ్లీ 153కే వస్తుంది, కాని గట్టు దాని వెనుకే ఉండిపోతుంది. పంటు పొరను మంచుకు పైన పెడితే అది మన దగ్గరికి వచ్చినట్టుంటుంది, కింద పెడితే అవతలి రేవులోనే ఉన్నట్టుంటుంది. పొరల వరుసకు అసలు ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. నేను మంచును బ్రష్షుతో పూయను, పొరంతా ఒకే రంగు నింపే బకెట్ సాధనంతోనే నింపుతాను. చేతితో పూసినది ఎక్కడో ఒకచోట పలచబడి లెక్క చెడగొడుతుంది.

నీటిలో పంటు నీడకు మాత్రం ఒపాసిటీ తగ్గించడమే సరైన పద్ధతి. అయితే పంటు నీడ, దానిపై నిలిచిన మోటారుసైకిళ్ల నీడ వేర్వేరు పొరల్లో 50 శాతం చొప్పున ఉంటే, అవి కలిసేచోట 75 శాతమై నల్లటి మచ్చ పడుతుంది. రెండింటినీ 100 శాతంలో ఉంచి, గ్రూపుగా కట్టి, గ్రూపు ఒపాసిటీని తగ్గించండి. క్రిటా అనే చిత్రలేఖన సాఫ్ట్‌వేర్‌లో పొరలను ఎంచుకుని కంట్రోల్-జి నొక్కితే గ్రూపు ఏర్పడుతుంది.

అభ్యాసం: అదే రేవును తెల్లవారుజామున, తొమ్మిది గంటలకు, మధ్యాహ్నం ఉన్నట్టు మూడు బొమ్మలుగా చేయండి. తోటను ముట్టుకోకుండా మంచు పొరనే మార్చాలి. తెల్లవారుజాము బొమ్మలో 60 శాతం మంచుపై 30 శాతం తెల్లని పొర మరొకటి వేసి, చెట్టు విలువను ముందు కాగితం మీద కట్టి, తరువాత రంగు ఎంపిక సాధనంతో సరిచూడండి. 184కు దగ్గరగా రాకపోతే, ప్రతి పొర బ్లెండింగ్ మోడ్ (అడుగు పొరతో రంగు కలిసే పద్ధతి) నార్మల్‌లో ఉందో లేదో చూడండి.