తాగుడు మానే దారిలో ఏది వదలాలి, ఏది మోయాలి

అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మద్యం ముట్టని మనిషి, మాల తీసిన సాయంత్రమే వైన్ షాపు ముందు కనబడడం మన ఊళ్లలో కొత్త కాదు. దానిని భక్తి లోపమని తేల్చేయడం నాకు సరిగా అనిపించదు. ఆ 41 రోజులూ ఆయనను నిలబెట్టింది స్వామిపై వేసిన భారం ఒక్కటే కాదు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, రెండు పూటలా పూజ, చుట్టూ తోటి స్వాములు కూడా. మాలతో పాటు అవన్నీ తీసేసి భారాన్ని మాత్రం దేవుడికే ఉంచితే, మోసేవాడు లేకుండా పోతాడు. అందువల్ల దీక్షతో మానదలచినవారు 42వ రోజు సాయంత్రం ఎక్కడ, ఎవరితో గడపాలో మాల తీయకముందే నిర్ణయించుకోవాలి.

అన్నిటికంటే ముందు వదలవలసింది, ఇంట్లో కూర్చుని పంతంతో మానేస్తానన్న పట్టుదల. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఒక్కసారిగా ఆపితే చేతులు వణకడమే కాక ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజుల్లో మతి తప్పి ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఆ దశను వైద్యుడికి అప్పగించాలి. ఎవరిని కలవాలో తెలియనివారు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.

1935లో అమెరికాలోని ఆక్రన్‌లో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (తాగుడు మానదలచినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే సంఘం) సూచించే 12 మెట్లలో, మూడవది తన జీవితాన్ని దైవానికి అప్పగించడం కాగా, దాని వెంటనే వచ్చే నాలుగవది తన తప్పొప్పుల లెక్కను తానే రాసుకోవడం. ఈ వరుసను గమనిస్తే, అప్పగించినవాడికి పని తీరిపోలేదని తెలుస్తుంది.

ఆ లెక్కకు ఒక నోటుపుస్తకం చాలు. రాత్రి పడుకునే ముందు పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు మన చేతిలో లేనివి, కుడివైపు రేపు చేయవలసినవి రాయాలి. రేపు రాత్రికి 'చేశాను' అనో 'చేయలేదు' అనో చెప్పగలిగినదే కుడివైపుకు వస్తుంది. భార్య మళ్లీ ఎప్పుడు నమ్ముతుందన్నది ఎడమవైపుది; ఆలస్యంగా వచ్చిన రోజున ఆమె దగ్గరకు వచ్చి వాసన చూస్తే కోపగించక నిలబడడం, జీతం పడిన రోజునే ఏటీఎం కార్డు ఆమెకు ఇవ్వడం కుడివైపువి. కిరాణా కొట్టులో 6,000 బాకీ ఉంటే, కొట్టాయన నలుగురిలో ఏమంటాడో ఎడమవైపు రాసి, నెలకు 500 కట్టడాన్ని కుడివైపు రాయాలి. చాలామంది దీనిని తలకిందులు చేసి, బాకీని దేవుడికి వదిలి, భార్య నమ్మకం కోసం రోజూ పోట్లాడుతారు.

ఇంట్లోవారికీ ఇటువంటి గీత అవసరమే. మాన్పించాలన్న ఆత్రంతో మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరాం మాత్రలను తెలియకుండా కూరలో కలపడం ఎంతమాత్రం తగదు. ఆ మాత్ర పడిన ఒంట్లోకి, రోజుల తరువాత అయినా, మద్యం చేరితే విపరీతమైన వాంతులు, గుండెదడ కలిగి రక్తపోటు పడిపోవచ్చు. ఆయన తరఫున ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం కూడా మానాలి, ఆ ఫోన్ ఆయనే చేయాలి.

మధ్యలో ఒకనాడు తాగితే 'నా వల్ల కాదు' అనుకోవడం వదలడం కాదు, తప్పించుకోవడం. ఏ సమయానికి, ఎక్కడ, ఎవరితో, జేబులో ఎంత డబ్బుతో ఉండగా తాగారో ఆ పుస్తకంలోనే రాసి, మరునాడు ఉదయం పది గంటలలోపు వైద్యుడికో, తోడుగా నిలిచిన మిత్రుడికో ఫోన్ చేసి, కారణాలు జోడించకుండా 'నిన్న తాగాను' అని చెప్పాలి.