సెప్టిక్ ట్యాంక్ ఎలా క్లీన్ చేయించాలి? లోపలికి మనిషిని దించకుండా

హైదరాబాద్‌లో మీ గల్లీకి జలమండలి (నీళ్లు, డ్రైనేజీ చూసే బోర్డు) డ్రైనేజీ లైను ఉంటే ఇది మీకు అక్కర్లేదు, కనెక్షన్ తీసుకుని హాయిగా ఉండండి. లైను ఇంకా రాని శివారు కాలనీల్లో ఇల్లు కట్టుకుని, బాత్రూంలో నీళ్లు వెనక్కి తన్నినప్పుడు మాత్రమే ట్యాంకు గుర్తొచ్చేవాళ్ల కోసం రాస్తున్నా.

రెండు మూడేళ్లకోసారి తీయించాలి, అదీ ఎండాకాలంలోనే. వానాకాలంలో భూమిలో నీళ్లు పైకొచ్చి ఖాళీ ట్యాంకు గోడల్ని బయటి నుంచి తోస్తాయి. పొద్దున ఏడింటికల్లా పని మొదలవ్వాలి, మధ్యాహ్నం వస్తామంటే నేనైతే ఒప్పుకోను.

ముందు మూత ఎక్కడుందో చూసుకోండి. నవ్వకండి, సగం ఇళ్లల్లో దాని మీద పార్కింగ్ టైల్స్ వేసేస్తారు. 2020లో టీఎస్ బీపాస్ అని ఇళ్ల పర్మిషన్లకు ఆన్‌లైన్ పద్ధతి వచ్చాక 75 గజాల లోపు చిన్న ఇంటికి రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాకా సొంత పూచీ మీద వెంటనే పర్మిషన్ వచ్చేది. ఫైలు పట్టుకుని బల్దియా ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ సొంత పూచీ అంటే ట్యాంకు ప్లానులో గీసినట్టు కట్టారా లేదా అన్నది కూడా మన పూచీయే కదా? మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తే అడుగున కాంక్రీటే వేయడు, ఆ మురుగంతా మెల్లగా మీ బోరులోకి చేరుతుంది. సెప్టిక్ ట్యాంకులకున్న భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం ట్యాంకు కనీసం 1000 లీటర్లు పట్టాలి, వెడల్పు 75 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఆ నీళ్లు ఇంకే గుంత తాగునీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలి. 100 గజాల ప్లాటులో అంత దూరం ఎక్కడిదని అడక్కండి, నా దగ్గరా జవాబు లేదు.

మురుగు లాగే బండి కోసం జలమండలి నంబర్లు 155313 గానీ 14420 గానీ కొట్టండి. గోడ మీద పెయింటుతో రాసిన నంబర్లకు చేయొద్దు. రాత్రి పూట చౌకగా తీసుకెళ్తామనే బండి ఆ సరుకుని ఏ నాలాలోనో పోసి వెళ్తుంది. ఎస్టీపీకి, అంటే మురుగు శుద్ధి చేసే ప్లాంటుకి, తీసుకెళ్తారా అని అడగండి, రసీదు అడగండి, నంబరు ప్లేటు ఫోటో తీసుకోండి.

ఇక మూత తీయడం. అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే, ప్రాణాలు పోయేదీ ఇక్కడే. లోపల మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ నిండి ఉంటాయి. రెండోది కొంచెం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది, బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. కాబట్టి "వాసన తగ్గింది, ఇప్పుడు దిగొచ్చు" అనే మాట వినపడిందంటే పని అక్కడికక్కడే ఆపించండి. గాలి తగలాలని అరగంట మూత తెరిచి పెట్టామన్నా కుదరదు, అడుగున మడ్డి కదిలించగానే గ్యాస్ మళ్లీ పైకి వస్తుంది. అగ్గిపుల్ల వెలిగించి లోపలికి చూసే తెలివిగలవాళ్లూ ఉన్నారు, మీథేన్ అంటుకుంటుంది బాబూ! బీడీ, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు, పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టండి, మూత మీదకి ఎవరూ వంగొద్దు.

పైపు అడుగుకి అందట్లేదనీ, మడ్డి గట్టిపడిందనీ కుర్రాణ్ని దించబోతారు. దించనివ్వకండి. పైనుంచే నీళ్లు కొట్టి పలచన చేసి లాగమనండి, ఇంకా రాకపోతే ఆ రోజుకి వదిలేయండి. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అట్లా ప్రమాదకరంగా మనిషిని దించి క్లీన్ చేయించడం నేరం, మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. డబ్బు మిగుల్తుందని ఓనరే "దిగు, ఏం కాదు" అనడం నేను విన్నాను, ఒళ్లు మండిపోయింది. ఒకవేళ ఎవరైనా లోపల పడిపోతే వెంటనే 108కి, 101కి ఫోన్ చేయండి, కాపాడాలని ఇంకొకరు దూకొద్దు. ఇట్లాంటి ప్రమాదాల్లో రెండో మనిషి, మూడో మనిషి పోయేది అట్లానే.

మిగతాది సులువు. ట్యాంకులో రెండు గదులుంటే రెండు మూతలూ తీయించి రెండూ లాగించండి. అడుగున కొంచెం మడ్డి ఉండనివ్వండి, మళ్లీ పని మొదలుపెట్టే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి, తళతళలాడేలా యాసిడ్‌తో కడిగించడం శుద్ధ దండగ. షాపులో అమ్మే బ్యాక్టీరియా పొడి వేస్తే పదేళ్లు చూడక్కర్లేదంటారు, ఆ డబ్బుతో గాలి పైపు పైన దోమల జాలీ వేయించుకోండి. పని అవగానే ట్యాంకులో నీళ్లు నింపించి, మూత సరిగ్గా కూర్చుందో లేదో మీరే చూసుకోండి. తేదీ మీటరు బోర్డు పక్కన రాసి పెట్టండి, ఫోనులో రాస్తే మర్చిపోతారు. మూత మీద మాత్రం మళ్లీ టైల్స్ వేయించకండి.