చేప రక్తం రిపోర్టు తేడాగా వస్తే ముందు వలను అనుమానించండి

స్వర్ణముఖి మడుగుల్లోనో, రాయలచెరువులోనో చేపలు పట్టి రక్తం, కాలేయం, మెదడు పరీక్షించే తిరుపతి విద్యార్థుల కోసం ఇది. అంకె పెరిగిందని వెంటనే నీళ్లలో విషం ఉందని రాసేయకండి.

సమస్య: ప్రతి చేపలోనూ కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్), గ్లూకోజ్ ఎక్కువ.
చాలావరకు అది పట్టుబడిన టెన్షనే. చిక్కిన కొన్ని నిమిషాలకే కార్టిసాల్ ఎక్కడం మొదలవుతుంది, గ్లూకోజ్ దాని వెనకాల వస్తుంది. సాయంత్రం కట్టి తెల్లారి ఎత్తిన వలలో చేప రాత్రంతా కొట్టుకుని ఉంటుంది, ఇక దాని కార్టిసాల్ చెరువు గురించి ఏం చెబుతుంది? విసురు వలతో పట్టి గట్టు మీదే రక్తం తీయండి. వలలో పడిన టైం, సూది గుచ్చిన టైం రెండూ రాసుకోండి.

సమస్య: ఏఎస్‌టీ, ఎల్‌డీహెచ్ పెరిగాయి.
ఇవి కణాల లోపల ఉండే ఎంజైములు, రక్తంలో పెరిగితే కాలేయం దెబ్బతిని ఉండొచ్చు. కానీ ముందు ట్యూబు వెలుతురులో పెట్టి చూడండి. ప్లాస్మా ఎర్రగా ఉంటే రక్తకణాలు పగిలి, వాటిలోని ఎంజైములే బయటికి వచ్చాయన్నమాట. ఆ శాంపిల్ పక్కన పెట్టేయండి. తోక దగ్గరి సిర నుంచి నెమ్మదిగా లాగి, రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ ఉన్న ట్యూబులో పోసి, ఐసులో పెట్టి, త్వరగా ప్లాస్మా వేరు చేయండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మరీ తక్కువగా వస్తే ట్యూబు మూత చూడండి. ఊదారంగుదైతే అందులో రక్తం గడ్డకట్టకుండా వేసే ఈడీటీఏ ఉంటుంది, ఆ ఎంజైముకు కావలసిన జింకును, మెగ్నీషియాన్ని అది లాగేసుకుంటుంది.

సమస్య: మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్ పడిపోయింది.
దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. నరాల సంకేతాన్ని ముగించే ఎంజైము ఇది, ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగుమందులు అణచేది దీన్నే. పై పొలాల్లో, టమోటా తోటల్లో ఈమధ్య ఏం మందు కొట్టారో, ఆ తర్వాత వాన పడిందో లేదో రైతులనే అడగండి. చిక్కల్లా కార్బమేట్‌తోనే. అది ఎంజైమును గట్టిగా పట్టుకోదు, శాంపిల్ పలచబడినా, ఆలస్యమైనా వదిలేస్తుంది, అంకె మామూలుగా కనిపిస్తుంది. అందుకే మెదడును అక్కడికక్కడే గడ్డకట్టించి, తొందరగా పరీక్షించాలి. ఆర్గానోఫాస్ఫేట్ అయితే ప్రభావం రోజులు, వారాలు నిలుస్తుంది.

సమస్య: మగచేపలో విటెల్లోజెనిన్.
అది గుడ్డు పచ్చసొనకు ముడిసరుకైన ప్రొటీన్, మగచేపలో దాదాపు ఉండకూడదు. ముందు కోసి అది మగదేనా చూడండి. మగదే అయితే ఈస్ట్రోజెన్ లాంటి రసాయనాలు అందినట్టే, డ్రైనేజీ కలిసేచోట వెతకండి. ఒక జాతి చేపకు చేసిన కిట్ ఇంకో జాతికి పనిచేస్తుందని మాత్రం అనుకోవద్దు.

పోల్చడానికి డ్రైనేజీ కలవని ఎగువ మడుగు నుంచి అదే జాతి, అదే సైజు చేపలు కావాలి. ఆడ, మగ వేరుగా, అదే సీజన్‌లో పట్టాలి. గుడ్లతో నిండిన ఆడచేపలో ఈరాడ్ (నూనె, మసి లాంటి కాలుష్యం తగిలితే కాలేయంలో పెరిగే ఎంజైము చురుకుదనం) మామూలుగానే తగ్గుతుంది కాబట్టి దాన్ని చూసి నీళ్లు శుభ్రమని రాయకండి.