రాత్రంతా నిలబెట్టిన బండి పొద్దున పొగ వదిలితే

రాత్రంతా నిలబడిన బండిని పొద్దున స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి గుప్పుమని పొగ వస్తుంది. రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఏ ఇబ్బందీ ఉండదు. కడపలో మా షెడ్డుకు ఈ బాధతో వచ్చే బండ్లలో చాలావాటికి అప్పటికే ఇంజన్ ఆయిల్ మార్చి ఉంటారు, డీజిల్ చిమ్మే నాజిళ్లు సర్వీసు చేయించి ఉంటారు, కొన్నిటికి పిస్టన్ రింగుల పని కూడా అయిపోయి ఉంటుంది. రేడియేటర్ మూత తీసి చూశారా అని అడిగితే మాత్రం లేదనే అంటారు.

ఆ మూత తీయాల్సింది పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, స్టార్ట్ చేయకముందు. షెడ్డు దాకా తోలుకొచ్చేసరికి ఇంజన్ వేడెక్కుతుంది, చూడాల్సిన గుర్తులన్నీ పోతాయి. అందుకే బండిని ముందురోజు సాయంత్రమే వదిలి వెళ్లమంటాను. పొద్దున నేను వచ్చేదాకా దాన్ని ఎవరూ స్టార్ట్ చేయకూడదు.

నీలి పొగ, కాలిన నూనె వాసన

ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ముందు డిప్ స్టిక్ చూడండి, పై గీత దాటి ఆయిల్ పోసినా పొగ వస్తుంది. మట్టం సరిగ్గా ఉండి, స్టార్ట్ చేయగానే ఒక్క గుప్పు వచ్చి ఆగిపోతుంటే వాల్వ్ సీళ్లు (వాల్వ్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రబ్బర్లు) గట్టిపడ్డాయి. హెడ్‌లో, అంటే సిలిండర్ల పై భాగంలో, మిగిలిన ఆయిల్ రాత్రంతా వాల్వ్ వెంబడి కిందికి జారి, పొద్దున కాలుతుంది. ఘాట్ దిగుతూ యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తొక్కగానే నీలంగా గుప్పుమంటే ఇక అనుమానం అక్కర్లేదు. సీళ్లు మార్చితే సరిపోతుంది. చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే మార్చొచ్చు. దీనికి రీబోరు (సిలిండర్ లోపల కోసి పెద్దది చేయడం) చెప్పేవాళ్ల మాట వినొద్దు. లోడుతో పోయేటప్పుడు ఆగకుండా నీలి పొగ వస్తుంటే అప్పుడు రింగుల సంగతి చూడాలి.

నల్ల పొగ

గాలి చాలట్లేదు, లేదా ఇంధనం ఎక్కువ పోతోంది. వేరుశనగ కోతలప్పుడు పల్లెల్లో తిరిగిన బండి ఎయిర్ ఫిల్టర్ విప్పితే మట్టి రాలుతుంది. ముందు దాన్ని మార్చండి. తగ్గకపోతే నాజిళ్లు చూపించండి.

తెల్ల పొగ

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. డిసెంబరు, జనవరి పొద్దున సైలెన్సర్‌లోని తేమ ఆవిరై పలచగా తెల్లగా వస్తుంది, వచ్చింది వచ్చినట్టే గాల్లో కలిసిపోతుంది. దాన్ని వదిలేయండి. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసనతో వస్తే, చల్లని డీజిల్ ఇంజన్‌ను స్టార్ట్‌కు ముందు వేడెక్కించే హీటర్ ప్లగ్గులు పనిచేయట్లేదు, లేదా కంప్రెషన్ తగ్గింది. ముందు హీటర్ ప్లగ్గులకు కరెంటు వస్తోందేమో చూడండి. డ్యాష్ బోర్డు మీద హీటర్ గుర్తు ఆరేదాకా ఆగకుండా సెల్ఫ్ కొట్టేవాళ్లకు కూడా ఈ పొగే వస్తుంది.

మూడో రకం అసలు ప్రమాదం. తెల్లగా, దట్టంగా వస్తుంది, తొందరగా చెదరదు. సైలెన్సర్ మూతికి అరచెయ్యి అడ్డం పెడితే చెమ్మ అంటుతుంది. స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో ఒక సిలిండర్ మిస్సింగ్ కొట్టి బండి ఊగుతుంది, తర్వాత సర్దుకుంటుంది. మే నెలలో, రాత్రిపూట కూడా గోడలు సెగలు కక్కే కడపలో, పొద్దున సైలెన్సర్ నుంచి ఇంత ఆవిరి రావడానికి మంచు కారణం కాలేదు. అది రేడియేటర్ నీళ్లు.

కూలెంట్ కాలితే తియ్యటి వాసన వస్తుందని చాలామందికి తెలుసు. కానీ మన వైపు సగం బండ్లలో కూలెంటే ఉండదు, బోరు నీళ్లే పోస్తారు. ఉత్త నీళ్లకు ఏ వాసనా ఉండదు. కాబట్టి తియ్యటి వాసన రాలేదని ధైర్యపడొద్దు. డిప్ స్టిక్‌కు పాలలాంటి ఆయిల్ అంటలేదు కదా, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ కింది సిలిండర్ల బ్లాకుకూ మధ్య ఉండే పలచటి షీటు) బాగానే ఉందనే మాట కూడా నమ్మొద్దు. గ్యాస్కెట్ నీళ్ల దారికీ సిలిండర్‌కూ మధ్య తెగితే, మొదట్లో ఆయిల్‌లో నీళ్లు కలవవు.

జరిగేది ఇది. లోడుతో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతారు, ఇంజన్ మరిగిపోతుంటుంది. పాలకోవా కోసం పక్కన ఆపి వెంటనే ఇంజన్ ఆపేస్తారు. నీళ్ల పంపు ఆగుతుంది, హెడ్‌లోని వేడి కదలకుండా అక్కడే ఉండిపోతుంది. ఇలా పదేపదే జరిగితే హెడ్ వెంట్రుకవాసి వంగుతుంది, గ్యాస్కెట్ ఒకచోట నలుగుతుంది. ఇక ప్రతి రాత్రీ అదే కథ: బండి ఆపాక కూడా రేడియేటర్‌లో ఒత్తిడి ఉంటుంది, ఇంజన్ చల్లబడే కొద్దీ లోహం ముడుచుకుని ఆ సందు తెరుచుకుంటుంది, నీళ్లు పిస్టన్ మీదికి చుక్కచుక్కగా దిగుతాయి. పొద్దున అవి ఆవిరై పోతాయి. వేడెక్కగానే సందు మూసుకుంటుంది, పొగ ఆగుతుంది. యజమాని వారానికోసారి నీళ్లు పోసుకుంటూ నెలల తరబడి తిప్పుతాడు. ఒకరోజు సిలిండర్‌లో నీళ్లు ఎక్కువ చేరతాయి. పిస్టన్ గాలిని నొక్కగలదు, నీళ్లను నొక్కలేదు. సెల్ఫ్ కొట్టగానే ఠక్కున ఆగి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. గ్యాస్కెట్‌తో పోవాల్సిన పని ఇంజన్ మీదికి వస్తుంది.

పొద్దున చల్లని ఇంజన్ దగ్గర ముందు పై హోస్ పైపు నొక్కండి. రాత్రంతా చల్లారాక కూడా గట్టిగా ఉంటే సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. తర్వాత మూత తీసి మట్టం చూడండి. రాత్రి నిండా ఉన్నది పొద్దునకు తగ్గి, కింద తడి లేకపోతే నీళ్లు లోపలికే పోయాయి. పెట్రోల్ బండైతే స్టార్ట్ చేయకముందే ప్లగ్గులు విప్పి వరుసగా పెట్టండి. మిగతావి గోధుమ రంగులో ఉంటే ఒక్కటి మాత్రం కడిగినట్టు తెల్లగా, తళతళలాడుతూ ఉంటుంది. నీళ్లు దిగే సిలిండర్ అదే. ప్లగ్గులు లేకుండా, పక్కకు నిలబడి సెల్ఫ్ కొట్టిస్తే ఆ రంధ్రం నుంచి తుంపర చిమ్ముతుంది. డీజిల్ బండికి హీటర్ ప్లగ్గులు విప్పి ఇదే చేయొచ్చు. ప్రెషర్ టెస్టర్ ఉంటే సాయంత్రం మూత మీద రాసినంత ఒత్తిడి మాత్రమే ఎక్కించి, పొద్దునకు ముల్లు ఎంత దిగిందో చూడండి.

డీజిల్ బండ్లతో ఇక్కడ ఒక మెలిక ఉంది. హెడ్ దించి, లేత్‌లో ఫేసింగ్ (వంపు పోయేలా చదును) చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసినా అదే పొగతో నా దగ్గరికి వచ్చిన బండ్లు ఉన్నాయి. వాటిలో కారుతున్నది ఈజీఆర్ కూలర్. సైలెన్సర్ వైపు నుంచి మళ్లీ లోపలికి పంపే పొగను చల్లబరచడానికి దాంట్లో నీళ్లు తిరుగుతాయి. లోపల చిన్న పగులు వస్తే నీళ్లు పొగదారిలోకి దిగుతాయి, లక్షణాలన్నీ గ్యాస్కెట్‌వే అనిపిస్తాయి. కాబట్టి ఈజీఆర్ కూలర్ ఉన్న బండికి హెడ్ బోల్టు మీద పానా పెట్టకముందు కూలర్ విప్పి చూడండి. మామూలుగా అక్కడ పొడి మసి ఉంటుంది. తడిసి ముద్దయిన మసి కనిపించినా, మసి కడుక్కుపోయి లోహం బయటపడినా దోషం కూలర్‌దే. దాన్ని విడిగా ప్రెషర్ పెట్టి ఖాయం చేసుకోండి.

గ్యాస్కెట్ పనే అని తేలితే గ్యాస్కెట్ ఒక్కటి మార్చి మూసేయొద్దు. హెడ్ వంపు కొలిపించాలి, పగుళ్లకు ప్రెషర్ టెస్ట్ చేయించాలి. డీజిల్ ఇంజన్లకు గ్యాస్కెట్ మందంలో రకాలుంటాయి, పాతదాని అంచున ఉన్న గాట్లు లేదా రంధ్రాలు లెక్కపెట్టి అదే రకం తెప్పించండి. బిగించినప్పుడు సాగే రకం హెడ్ బోల్టులైతే కొత్తవే వేయాలి. మధ్య నుంచి అంచులకు, పుస్తకంలో చెప్పిన వరుసలోనే టార్క్ రెంచితో బిగించాలి.

వేడి ఎందుకెక్కిందో అదీ చూడాలి. మన బోరు నీళ్లు గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లోనూ కడతాయి. లీకు ఆగుతుందని డ్రైవర్లు వేసే పసుపు కూడా ఆ గొట్టాల్లోనే ఇరుక్కుంటుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో డబ్బా మీద చెప్పినట్టు కలిపి పోయండి. బండి హీట్ కొడుతోందని తీసి పారేసిన థర్మోస్టాట్ వాల్వ్ తిరిగి పెట్టించండి.

పొగకు వేరే కారణాలైన టర్బో సీలు పోవడం, బ్రేక్ బూస్టర్ గుండా బ్రేక్ ఆయిల్ ఇంజన్‌లోకి పోవడం లాంటివి అరుదు. బ్రేక్ ఆయిల్ డబ్బా మట్టం ఒకసారి చూసుకుంటే చాలు.

పని అయ్యాక కూలెంట్ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి వారం రోజులు పొద్దున్నే చూడండి. మొదటి ఒకటి రెండు రోజులు లోపలి గాలి బయటికి పోయి మట్టం కొంచెం దిగుతుంది. ఆ తర్వాత కూడా గీత కింద దిగుతుంటే బండిని ఆ రాత్రే తెచ్చి షెడ్డులో వదలండి.