సబ్సిడీ పథకం ఎంచుకోవడం – పాఠం 3: కారం మిల్లుకు ఏది?

పోయిన పాఠంలో స్థలం ఖరీదు కలపకుండా మీ యూనిట్ అంచనా వేసుకోమన్నాను. ఆ కాగితం ఎదురుగా పెట్టుకోండి.

గుంటూరు జిల్లాలో ఒక పల్లె అనుకుందాం. ఒకావిడ 20 లక్షలతో కారం, మసాలా పొడుల మిల్లు పెట్టబోతోంది. ఆవిడ ముందు రెండు పథకాలున్నాయి: ఉపాధి కల్పనకిచ్చే పీఎంఈజీపీ, చిన్న ఆహార యూనిట్లకిచ్చే పీఎంఎఫ్‌ఎంఈ. పల్లెలో మహిళకు పీఎంఈజీపీ సబ్సిడీ 35 శాతం, అంటే 7 లక్షలు. పీఎంఎఫ్‌ఎంఈలోనూ అంతే. కానీ మొదటిదానికి ఆవిడ చేతి డబ్బు 5 శాతం, లక్ష చాలు. రెండోదానికి కనీసం 2 లక్షలు కావాలి. కాబట్టి ఆవిడకు పీఎంఈజీపీయే మేలు.

అదే మిల్లును తెనాలి పట్టణంలో జనరల్ కేటగిరీ మగవాళ్లు పెడితే లెక్క తిరగబడుతుంది. పీఎంఈజీపీ 15 శాతానికి, 3 లక్షలకు పడిపోతుంది. పీఎంఎఫ్‌ఎంఈ 7 లక్షల దగ్గరే ఉంటుంది. ఇక అంచనా 40 లక్షలైతే, పల్లె మహిళకు పీఎంఈజీపీలో 14 లక్షలు వస్తాయి. పీఎంఎఫ్‌ఎంఈ మాత్రం 10 లక్షలు దాటి ఇవ్వదు.

ఈ లెక్కలకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: యూనిట్ కొత్తదా, ఇప్పటికే నడుస్తోందా? పీఎంఈజీపీ మొదటి లోను కొత్త యూనిట్లకే. మా ఊళ్లో ఒకతను శ్రావణమాసం ముహూర్తం దాటిపోతుందని, మంజూరు రాకముందే పల్వరైజర్ (పొడి కొట్టే యంత్రం) కొని, కొబ్బరికాయ కొట్టి మిల్లు ఆడించేశాడు. తనిఖీకి వచ్చిన బ్యాంకు ఆయనకు గోడవారగా పేర్చిన కారం బస్తాలు కనిపించాయి. ఫైలు వెనక్కి వచ్చేసింది. ఎంత బాధపడ్డాడో! మంజూరయ్యేదాకా కొటేషన్ తీసుకోండి చాలు, బిల్లు వద్దు. నడుస్తున్న యూనిట్‌ను పెంచుకోవడానికైతే పీఎంఎఫ్‌ఎంఈ ఉంది.

ఇంకో మాట. సబ్సిడీ చేతికి రాదు. పీఎంఈజీపీలో ఆ 7 లక్షలు 3 ఏళ్లు మీ పేరున బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటాయి. లోను 19 లక్షలైనా వడ్డీ 12 లక్షల మీదే పడుతుంది. ఆ డబ్బుతో అప్పులు తీర్చేద్దామని ముందే లెక్కలేసుకోకండి.

రెండు పథకాలకూ 2025-26 వరకే గడువు ప్రకటించారు. దరఖాస్తుకు ముందు పోర్టల్‌లో తాజా తేదీ చూసుకోండి.

అభ్యాసం: పల్లెలో ఒక బీసీ యువకుడు ఏడాదిగా పచ్చళ్ల యూనిట్ నడుపుతున్నాడు. 12 లక్షలతో దాన్ని పెంచాలి. ఏ పథకం? సబ్సిడీ ఎంత? చేతి డబ్బు ఎంత?

జవాబు వచ్చే పాఠంలో. దాంతోపాటు గోదాములకు 2 కోట్ల లోను దాకా 3 శాతం వడ్డీ రాయితీ ఇచ్చే వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధి గురించి చూద్దాం.