నడుము నొప్పి, 4వ పాఠం: లాగింది సరే, ఎక్కడ లాగింది?

పోయిన పాఠంలో కాలెత్తే పరీక్ష (పడుకోబెట్టి కాలు లేపి, వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందేమో చూడటం) చెప్పానో లేదో, సగం మంది ఒకటే టెన్షన్: "50 డిగ్రీలకే లాగేసిందండీ, డిస్క్ జారినట్టేనా?" ఈసారి వ్యాయామాలు చెప్దామనుకున్నా. ఇది తేలకుండా అవి చెప్పి లాభం లేదు.

ముందు ఒక మాట. కాలు మీరే ఎత్తుకున్నారా? అయితే ఆ లెక్క కొట్టేయండి. మీరు వెల్లకిలా పడుకుని ఒళ్లు వదిలేయాలి, మోకాలు వంగకుండా కాలిని ఇంకొకరు మెల్లగా లేపాలి.

ఇక అసలు చిక్కు. తొడ వెనక తాడు బిగిసినట్టు లాగితే అది చాలావరకు కండరమే, హ్యామ్‌స్ట్రింగ్. నడుము నిక్షేపంగా ఉన్నవాళ్లకీ లాగుతుంది. సయాటికా, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి, అలా కాదు, మోకాలు దాటి పిక్కలోకో పాదంలోకో కరెంటు కొట్టినట్టు సర్రున దిగుతుంది, సాధారణంగా 30 నుంచి 70 డిగ్రీల మధ్య. ఇంకా తేలకపోతే, లాగిన చోటు నుంచి నొప్పి పోయేదాకా కాలు కాస్త దించి, అక్కడే ఆపి, పాదాన్ని ముఖం వైపు వంచమనండి. హ్యామ్‌స్ట్రింగ్ మోకాలి కిందే ఆగిపోతుంది, పాదం వంచితే దానికేం పట్టదు. నరం పాదం దాకా పోతుంది కాబట్టి దానికి తెలుస్తుంది. పిక్క బిగిస్తే అది లెక్కలోకి రాదు, మీకు రోజూ వచ్చే ఆ నొప్పే మళ్లీ రావాలి. లాగిందా లేదా అని కాదు, ఏది లాగింది, ఎందాకా లాగింది అని అడగమని పోయినసారి రెండుసార్లు రాశాను!

నేనైతే బాగున్న కాలితోనే మొదలుపెడతా. దాన్ని లేపినప్పుడు రెండో కాల్లో నొప్పి వస్తే డిస్క్ నరాన్ని నొక్కుతోందన్న అనుమానం బాగా బలపడుతుంది.

బలం చూడటం తేలికే. కాలి బొటనవేలు పైకి లేవకపోతే ఎల్5 నరం, ఒంటికాలి మునివేళ్ల మీద లేవలేకపోతే ఎస్1 (రెండూ నడుము కింది భాగం నుంచి కాల్లోకి వచ్చే నరాల పేర్లే). బలం తగ్గినట్టుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించాలి. మూత్రం రాకుండా ఆగిపోయినా, అదుపు తప్పినా, మర్మాంగాల చుట్టూ మొద్దుబారినా తెల్లారేదాకా ఆగొద్దు, ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఇవేవీ లేకపోతే మంచం దిగి మెల్లగా తిరగండి. రోజుల తరబడి పడుకుంటే నడుము ఇంకా బిగుస్తుంది, కొత్తగా వచ్చిన నొప్పి చాలామందికి కొన్ని వారాల్లోనే తగ్గుముఖం పడుతుంది. ఒకటి గమనించండి: పిక్కలో నొప్పి తగ్గి నడుములో కాస్త పెరిగితే అది మంచి సూచన, భయపడి ఆపేయకండి. స్కాన్ గోల ఇంకో పాఠంలో.

అభ్యాసం: నడుము నొప్పి ఎరగనివాళ్లను ముగ్గురిని పట్టుకోండి. రెండేసి కాళ్లు, మొత్తం ఆరు. ఎన్ని డిగ్రీలకు లాగింది, సరిగ్గా ఎక్కడ లాగింది, పాదం వంచితే ఏమైంది, అన్నీ రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకున్నాకే మీ కాలు లేపించుకోండి.